లంక గద్దె మీద కళింగులు: మన సింగుపురం నుంచే వెళ్ళారా?

#1 వంశధార ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. శ్రీకాకుళంలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ రోజూ సింగుపురం మీదుగానే బస్సులో వెళ్ళొచ్చాను. ఒక్కరోజైనా ఆ ఊరి పేరు గురించి ఆలోచించలేదు.

మొన్న శ్రీలంక చరిత్ర చదువుతుంటే నిశ్శంకమల్లుడి (1187–1196) దగ్గర ఆగిపోయాను. పొలొన్నరువ రాజధానిగా లంకను ఏలినవాడు. తాను కళింగ దేశంలో సింహపురంలో పుట్టానని, తండ్రి జయగోపుడు, తల్లి పార్వతీ మహాదేవి అని స్వయంగా రాళ్ళ మీద చెక్కించుకున్నాడు. ఆ సింహపురం మన సింగుపురమే అని చాలామంది చరిత్రకారులు గుర్తించారట. చదవగానే ఒళ్ళు జలదరించింది.

తెలిసినవాళ్ళు చెప్పండి. ఇది నిజమేనా? నిజమైతే, మన మూల నుంచి ఒక మనిషి సముద్రం దాటి వెళ్ళి అక్కడ రాజెలా అయ్యాడు? దండెత్తి గెలిచాడా, వాళ్ళే పిలిచారా?

#2 శాసనాల పిచ్చి

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. ముందు సింహపురం సంగతి చూద్దాం. గంగరాజులు రాకముందే అది కళింగ రాజధాని. చండవర్మ కొమర్తి తామ్రశాసనం సింహపురం నుంచే వెలువడింది. కొమర్తి మీ నరసన్నపేట పక్కనే కదా. ఉమావర్మ బృహత్ప్రోష్ఠ శాసనం కూడా సింహపురం నుంచే. శాసనాలు దొరికిన చోటు, పేరు, రెండూ కలిశాయి కాబట్టే సింగుపురం వైపు మొగ్గారు.

ఇక దండెత్తాడా, పిలిచారా అంటే, ముందు వియ్యం కలిసింది. నిశ్శంకమల్లుడికి వందేళ్ళ ముందు నుంచి చూడాలి. 1070లో విజయబాహు అనే సింహళ రాజు చోళుల్ని పొలొన్నరువ నుంచి తరిమేశాడు. తర్వాత పెళ్ళిచూపులకు ఉత్తరంగా, కళింగం వైపు చూశాడు. అక్కడి రాకుమారి తిలోకసుందరిని చేసుకున్నాడు. క్షత్రియ సంబంధం కావాలి, కానీ చోళుల గడప తొక్కకూడదు. అలాంటి రాజుకు కళింగం సరిగ్గా సరిపోయే ఇల్లు.

ఆ దంపతుల కూతురు రత్నావళి. ఆమె కొడుకే లంక చరిత్రలో అందరికంటే పెద్ద పేరున్న పరాక్రమబాహు (1153–1186). అంటే పరాక్రమబాహుకి అమ్మమ్మ కళింగం ఆడపడుచు! ఆయన చనిపోయిన ఏడాదికే నిశ్శంకమల్లుడు గద్దె ఎక్కాడు. చుట్టరికం అప్పటికే మూడు తరాలది. కొత్తవాడు వచ్చి కూర్చున్నట్టు కాదు.

#3 సాగరిక

నేను పొలొన్నరువ వెళ్ళాను. నిశ్శంకమల్లుడి పేరు వినగానే గల్పొత గుర్తొచ్చింది. గల్ అంటే సింహళంలో రాయి, పొత అంటే పుస్తకం. మన పాత తెలుగులో పొత్తం అంటాం చూడండి, అదే మాట. నిజంగానే తాటాకు పుస్తకం ఆకారంలో చెక్కిన రాతిపలక. దాదాపు 8 మీటర్ల పొడవు, బరువు 25 టన్నులు అంటారు. దాన్ని మిహింతలె నుంచి లాగించుకొచ్చానని ఆ రాయి మీదే రాయించాడు.

దగ్గర కూర్చుని చూస్తే అంచు చుట్టూ హంసల బారు కనిపిస్తుంది. పలక చివర గజలక్ష్మి, రెండు పక్కలా ఏనుగులు తొండాలెత్తి నీళ్ళు పోస్తుంటాయి. అక్షరాల్లో నాకు ఒక్కటీ రాదు, కానీ గుండ్రంగా, మన లిపికి చుట్టాల్లా అనిపించాయి. ఎండకు రాయి కాలిపోతోంది, అయినా లేవబుద్ధి కాలేదు.

అందులో ఏముందో తర్వాత తెలుసుకున్నాను. లంక కళింగ వంశం వాళ్ళదేనని, బౌద్ధులు కాని చోళ, కేరళ రాకుమారుల్ని గద్దె ఎక్కించొద్దని చెప్పాడు. గొవి కులం వాళ్ళు, అంటే సేద్యం చేసేవాళ్ళు, రాజ్యం ఆశిస్తే కాకి హంసను అనుకరించినట్టు, మిణుగురు సూర్యుడితో పోటీ పడినట్టు అని రాయించాడు. ఆ మాటలు నాకు నచ్చలేదు. సేద్యగాళ్ళ శిస్తుతో బతికిన రాజు ఆ మాట అనడం బాధేసింది. కానీ ఒకటి అర్థమైంది. అంత పెద్ద రాయి మీద అంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే, ఆ గద్దె మీద చాలామంది కన్ను పడిందన్నమాట.

#4 పెన్నేటి బాట

అందరూ ఆనందంగా ఉన్నారు కాబట్టి అభ్యంతరాలు నేను చెబుతాను. ఊరికే కాదనడం నా ఉద్దేశం కాదు, గట్టిగా తేల్చుకుంటేనే నమ్మకం.

ఒకటి, గంగరాజుల వంశావళిలో జయగోపుడు అనే పేరు కనిపించదు. రెండు, 1187 నాటికి కళింగం అంతా గంగులదే, అనంతవర్మ చోడగంగు (1078–1147) రాజధానిని కటకానికి మార్చేశాడు. అప్పటికి సింహపురం పాత రాజధాని, అంతే. మూడు, లంక పురావస్తు శాఖకు అధిపతిగా చేసిన పరణవితాన అంతటివాడు ఈ కళింగం భారతదేశంలోది కాదు, మలయాలోది (ఇప్పటి మలేసియా వైపుది) అని వాదించాడు. వీటికి జవాబేంటి?

#5 శాసనాల పిచ్చి

@పెన్నేటి బాట గారూ, సరైన చోట పట్టుకున్నారు.

పరణవితాన పెద్ద పండితుడు, అందులో సందేహం లేదు. కానీ మలయా వాదానికి ఆయన ఆధారం చేసుకున్నది పాత శాసనాల వరుసల మధ్య సన్నగా చెక్కి ఉన్నాయని తాను చెప్పిన రాతలు. మిగతా లిపి నిపుణులకు ఆ రాళ్ళ మీద అవి కనిపించలేదు. అందుకే ఆ వాదం నిలబడలేదు.

ఇక గంగుల మాట. తిలోకసుందరి పెళ్ళయ్యాక ఆమె బంధువులు ముగ్గురు సింహపురం నుంచి లంకకు వచ్చారని లంక రాజుల పాళీ చరిత్ర గ్రంథం చూళవంశం చెబుతుంది. వాళ్ళ పేర్లు మధుకణ్ణవ, భీమరాజ, బలక్కార. మొదటి పేరు ఒకసారి పైకి చదవండి. మధుకణ్ణవ అంటే పాళీలో పలికిన మధుకామార్ణవ! కామార్ణవుడు, మధుకామార్ణవుడు అచ్చంగా గంగుల ఇంటి పేర్లు. ముఖలింగంలో స్వామి మధుకేశ్వరుడు. ఆ పేరు మలయాలో ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఇంకొకటి. నిశ్శంకమల్లుడి రాణుల్లో ఒకామె గంగవంశ కళ్యాణ మహాదేవి. భర్త పోయాక కొన్నేళ్ళకు 1202 నుంచి 1208 దాకా ఆమే లంకను ఏలింది.

జయగోపుడు కటకంలో కూర్చున్న చక్రవర్తి కానక్కర్లేదు. పాత రాజధానిలో మిగిలిన ఒక శాఖ పెద్ద అయితే చాలు. పెద్ద వంశావళుల్లో అలాంటివాళ్ళ పేర్లు ఎక్కవు.

#6 పెన్నేటి బాట

మధుకణ్ణవ సంగతి నాకు తెలియదు. ఆ ఒక్క పేరుతో నా మూడో అభ్యంతరం పోయింది. మొదటిది సగం పోయింది. ధన్యవాదాలు.

#7 నాగై తెలుగు

ఉద్యోగరీత్యా పదిహేనేళ్ళుగా నాగపట్నంలో ఉంటున్నాను. కళింగులు రాకముందు లంక చోళుల చేతికి ఎలా వెళ్ళిందో కాస్త చెబుతాను, ఎందుకంటే అదంతా ఒక కిరీటంతో మొదలైంది.

పరాంతక చోళుడు (907–955) మధుర పట్టుకున్నప్పుడు పాండ్య రాజసింహుడు కిరీటం, నగలు మూటగట్టుకుని లంకకు పారిపోయాడు. అక్కడ సాయం దొరక్క వాటిని అక్కడే వదిలి, అమ్మగారి ఊరు కేరళకు వెళ్ళిపోయాడు. కిరీటం ఇవ్వమని చోళుడు అడిగాడు, సింహళ రాజు ఇవ్వలేదు. చోళ సైన్యం దిగింది. రాజు కిరీటంతో సహా దక్షిణాన రోహణ అడవుల్లోకి వెళ్ళిపోయాడు. పరాంతకుడికి అది దక్కలేదు.

తర్వాత రాజరాజు 993 ప్రాంతంలో ఉత్తర లంకను పట్టి, అనురాధపురాన్ని పాడు చేసి, పొలొన్నరువను జననాథమంగళం అన్నాడు. అక్కడి ఊళ్ళ ఆదాయం తంజావూరు గుడికి రాయించాడు. చివరికి 1017లో రాజేంద్రుడు రోహణ దాకా వెళ్ళి ఐదో మహిందుణ్ణి, ఆ పాండ్య కిరీటాన్ని కలిపి పట్టుకొచ్చాడు. మహిందుడు పన్నెండేళ్ళు చోళుల చెరలో ఉండి 1029లో పోయాడు. ఒక రాజు దాచమని ఇచ్చిన సొమ్మును ఇన్ని తరాలు కాపాడి, దానికోసం ఒక రాజు చెరలో చనిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మా ఊరి సంగతి కూడా ఒకటి. 1006 ప్రాంతంలో శ్రీవిజయ రాజు, అంటే ఇప్పటి సుమత్రా, మలయా వైపు రాజు, ఇక్కడ చూడామణి విహారం అనే బౌద్ధ విహారం కట్టించాడు. దానికి రాజరాజు ఆనైమంగళం ఊరి రాబడి, 8,943 కలాల పైచిలుకు వడ్లు, రాసిచ్చాడు. ఆ రాగి రేకులు నెదర్లాండ్స్‌లో లైడెన్‌కు చేరాయి. సముద్రంలోంచి కనిపించే ఇటుక గోపురం ఒకటి 1867 దాకా నిలబడి ఉంది, ఆ ఏడు కూలగొట్టారు. ఇక్కడ తవ్వితే దొరికిన కంచు బుద్ధుళ్ళను చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో చూడొచ్చు.

#8 గోదారి గట్టు

నాగై తెలుగు గారూ, ఆ రాజేంద్రుడి కూతురు అమ్మంగదేవి మా రాజమహేంద్రవరం కోడలు. రాజరాజ నరేంద్రుడి భార్య. వాళ్ళబ్బాయే కులోత్తుంగ చోళుడు. నన్నయ భారతం రాస్తున్న రోజుల్లో ఆ కొలువులో పెరిగిన పిల్లాడు 1070లో వెళ్ళి చోళ సింహాసనం ఎక్కాడు. విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణం అని పేరుండేది ఈయన వల్లే.

#2లో విజయబాహు గెలిచిన ఏడాది కూడా 1070 అని ఉంది. రెండూ ఒకే ఏడు రావడం యాదృచ్ఛికమా?

#9 శాసనాల పిచ్చి

కాదండీ. ఆ ఏడు చోళ అధిరాజేంద్రుడు కొద్ది నెలలకే పోయాడు, తంజావూరు వైపంతా గందరగోళం. వేంగి నుంచి వెళ్ళిన కులోత్తుంగుడికి ముందు సొంత ఇల్లు చక్కబెట్టుకోవాల్సి వచ్చింది. లంకకు పెద్ద సైన్యం పంపే తీరిక లేదు. పదిహేడేళ్ళుగా కాచుకుని ఉన్న విజయబాహు ఆ సందు చూసుకున్నాడు. రాజమండ్రి వారసత్వ కథకూ పొలొన్నరువ విడుదలకూ ఉన్న ముడి ఇదే.

కులోత్తుంగుడు తర్వాత సుంకాలు తీసేసి "సుంగం తవిర్త్త" అనే బిరుదు పొందాడు. 1090లో మలయా వైపు కడారం రాజు దూతలు వస్తే అదే నాగపట్నం విహారానికి మళ్ళీ శాసనం రాయించి ఇచ్చాడు.

సవరణ: "పదిహేడేళ్ళు" అని రాశాను, తప్పు. విజయబాహు ఏలుబడి 1055 నుంచి లెక్క, కాబట్టి పదిహేనేళ్ళు.

#10 పట్నం రేవు

మర్చంట్ నేవీలో ఇరవై ఏళ్ళు చేశాను. మలక్కా జలసంధిలో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అక్కడ రాత్రిపూట వాచ్‌లో నిలబడితే అటూ ఇటూ దీపాలే, ఓడ వెనక ఓడ. ఆ సందును ఎవడు పట్టుకుంటే వాడిదే వ్యాపారం అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. శ్రీవిజయ బలమంతా అదే.

విహారం కట్టుకోమని ఊరు రాసిచ్చిన చోళులే 1025లో శ్రీవిజయ మీదకు ఓడలు నడిపారు. రాజు సంగ్రామ విజయోత్తుంగవర్మను పట్టుకున్నారు. తంజావూరు శాసనంలో ఊళ్ళ వరుస ఉంది: పణ్ణై, మలైయూరు, ఇలంగాశోకం, తలైత్తక్కోలం, మాదమాలింగం, ఇలామురిదేశం, మానక్కవారం, చివరికి కడారం. మానక్కవారం అంటే నికోబారు. మ్యాప్ ముందు పెట్టుకుని చూడండి, జలసంధికి రెండు ఒడ్డులా ఉన్న రేవులన్నీ దాదాపు ఇందులోనే ఉన్నాయి. భూమి కోసం వెళ్ళినవాడు ఇలా వెళ్ళడు. అక్కడ ఉండిపోయి రాజ్యం చేసిందీ లేదు.

గొడవ చైనా దగ్గర మొదలైందని నా నమ్మకం. చోళ దూతలు మొదటిసారి 1015లో సోంగ్ దర్బారుకు చేరారు. చైనా వాళ్ళ పుస్తకాల్లో మాత్రం చోళులు శ్రీవిజయకు సామంతులని రాసుకున్నారు. అది ఎంత బలంగా పాతుకుందంటే, 1106లో పగాన్ (ఇప్పటి బర్మా) దూతలు వచ్చినప్పుడు చోళులకు చేసినట్టే మర్యాద చేయమని చక్రవర్తి అంటే, అధికారులు అడ్డం చెప్పారు. "చోళులు శ్రీవిజయ కింది వాళ్ళు, అందుకే వాళ్ళకు మామూలు గట్టి కాగితం మీద ఉత్తరం రాసి సాదా కవరులో పెట్టాం. పగాన్ పెద్ద రాజ్యం" అన్నారు. 1025లో అన్ని రేవులూ దోచాక కూడా ఎనభై ఏళ్ళకు ఇదీ పరిస్థితి! మధ్యలో కూర్చున్న దళారి మాట ఎంత దూరం వెళ్తుందో చూడండి. 1077లో మాత్రం 72 మంది చోళ బృందం వెళ్ళి 81,800 దండల రాగి నాణేలు తెచ్చుకుంది.

#11 కెడా బాబాయి

కడారం పేరు చూసి ఆగలేకపోయాను. మా తాత ఎస్టేట్ పనికి మలేసియా వచ్చాడు, మేం ఇప్పుడు కెడాలోనే ఉంటున్నాం. మీరు చెప్పే కడారం ఇదే. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి, ఇంట్లో మాట్లాడటమే, రాయడం సొంతంగా నేర్చుకున్నాను.

మా ఇంటి దగ్గర నుంచి గునుంగ్ జెరాయ్ కొండ కనపడుతుంది. 1,200 మీటర్ల పైన ఉంటుంది, చుట్టూ అంతా పల్లం, వరి పొలాలు. సముద్రం మీద వచ్చేవాళ్ళకి చాలా దూరం నుంచే అదే గుర్తు. కొండ కింద బుజాంగ్ లోయలో పాత గుళ్ళ పునాదులు ఉన్నాయి. బుకిత్ బాతు పాహత్ గుడి పీఠం పెద్ద రాళ్ళతో, పక్కనే వాగు చప్పుడు. పిల్లల్ని తీసుకెళ్తుంటాను. మనవాళ్ళు వెయ్యేళ్ళ క్రితమే ఈ వాగులో కాళ్ళు కడుక్కున్నారు అని చెబితే మా మనవరాలు చెప్పులు విప్పి నీళ్ళలో దిగింది.

ఒక్క మాట. ఇక్కడ పుట్టినవాడిగా 1025 దండయాత్ర తలుచుకుంటే నాకు గర్వం ఒక్కటే ఉండదు. ఇక్కడి ఊళ్ళు దోపిడీ అయ్యాయి, జనం పోయారు. రెండు వైపులా మనసు లాగుతుంది.

#12 సాగరిక

బాబాయి గారూ, మీ తెలుగు చాలా బాగుంది. చివర చెప్పిన మాట ఎప్పుడూ గుర్తుంచుకుంటాను.

#13 వంశధార ఒడ్డు

ఇంత వస్తుందని అనుకోలేదు. అందరికీ చేతులెత్తి దండం. ఒక చిన్న డౌట్. మహిందుడు అంత తేలిగ్గా ఓడిపోవడానికి కారణం చోళ నౌకాబలమేనా?

#14 శాసనాల పిచ్చి

చోళులు రాకముందే ఆయన ఓడిపోయాడు తమ్ముడూ. జీతాలు ఇవ్వలేకపోయాడు. కూలి సైనికులు కోటను చుట్టుముట్టి, జీతం ఇచ్చేదాకా రాజును తిననివ్వం అన్నారు. ఆయన సొరంగం గుండా రోహణకు జారుకున్నాడు. లంకలో రాజు లేడని ఒక గుర్రాల వ్యాపారి చోళుడికి చెప్పాకే ఓడలు కదిలాయని చూళవంశం కథనం.

గెలిచిన విజయబాహుకీ ఇదే తలనొప్పి. కర్ణాటకకు ఆయన పంపిన దూతల ముక్కు చెవులు చోళ దేశంలో కోసేశారు. కోపంతో చోళ దూతలకు ఆడవేషం కట్టించి వెనక్కి పంపి, నాతో ఒంటరిగా కలబడమని కబురు చేశాడు. ఓడలు సిద్ధం చేశాడు. తీరా ఎక్కమంటే వేళక్కార దళాలు తిరగబడ్డాయి. తమిళ దేశం నుంచి వచ్చిన ఆ సైనికులు సొంత గడ్డ మీదకు వెళ్ళి కొట్లాడటానికి ఒప్పుకోలేదు. రాజభవనం తగలబెట్టి, రాజు చెల్లెల్ని, ఆమె కొడుకుల్ని పట్టుకున్నారు. రాజు ఆ తిరుగుబాటును చాలా క్రూరంగా అణిచాడు. ఆ వేళక్కారులే తర్వాత బుద్ధుడి దంతం ఉన్న గుడిని ప్రాణాలిచ్చి కాపాడతామని పొలొన్నరువలో తమిళ శాసనం వేయించారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకోకపోతే ఆ సైనికులు మనకు అర్థం కారు.

#15 పెన్నేటి బాట

కళింగుల కథలో చేదు భాగం ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. 1215లో మాఘుడు అనేవాడు వచ్చాడు. అతనూ కళింగ వంశమే అని చెప్పుకున్నాడు. పిలిచినవాళ్ళు లేరు, పెళ్ళి లేదు. కేరళ నుంచి తెచ్చిన కూలి సైన్యంతో దిగాడు. విహారాలు, పుస్తకాలు, చెరువులు, ఊళ్ళు అన్నీ నాశనం. ఇరవై ఏళ్ళకు పైగా పొలొన్నరువలో కూర్చున్నాడు. తర్వాత సింహళ రాజులు దంబదెణియ వైపు, నైరుతికి జరిగిపోయారు. ఉత్తరాన వేల ఏళ్ళ చెరువుల సేద్యం క్రమంగా అడవి పాలైంది.

తిలోకసుందరి కోడలిగా వెళ్ళింది, నిశ్శంకమల్లుడు చుట్టంగా వెళ్ళాడు, మాఘుడు కత్తితో వెళ్ళాడు. మన కళింగం అని ఒళ్ళు జలదరించినప్పుడు ఈ మూడోవాణ్ణి కూడా మనవాడిగానే లెక్కేసుకోవాలి.

#16 కెడా బాబాయి

మాఘుడు దిగిన ముప్పై ఏళ్ళకు మా వైపు నుంచి కూడా ఒకడు లంక మీదకు వెళ్ళాడు. తాంబ్రలింగ రాజు చంద్రభాను, ఇప్పుడు దక్షిణ థాయ్‌లాండ్‌లో నఖోన్ సి తమ్మరాత్. పట్నం రేవు గారి జాబితాలో మాదమాలింగం అదే. 1247లో మేమూ బౌద్ధులమే అంటూ దిగి, విషం పూసిన బాణాలు వేశాడట. ఓడిపోయి, రెండోసారి వచ్చినప్పుడు పాండ్యుల చేతిలో చచ్చిపోయాడు. జాఫ్నా దగ్గర చావకచ్చేరి ఊరి పేరులో ఉన్న చావక అంటే చంద్రభాను వెంట వచ్చిన ఈ జావకులే అంటారు.

#17 పట్నం రేవు

అదే కాలంలో పాండ్యులు త్రికోణమలలో జంట చేపల గుర్తు చెక్కించారు, ఇటు సుందర పాండ్యుడు మన నెల్లూరు దాకా వచ్చి వీరాభిషేకం చేయించుకున్నాడు.

మన గణపతిదేవుడి పద్ధతి వేరు. చంద్రభాను లంకలో దిగడానికి మూడేళ్ళ ముందు, 1244లో, మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు లాక్కునేవాళ్ళు, ఇకమీదట నేను సుంకం మాత్రమే తీసుకుంటాను అని. సముద్రం మీద బతికినవాడిగా చెబుతున్నాను, ఓడ పగిలి ఒడ్డున పడ్డ మనిషికి ఆ రాయి ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. నాకు కడారం విజయం కంటే మోటుపల్లి శాసనమే పెద్దది.

#18 నాగై తెలుగు

పట్నం రేవు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. మోటుపల్లి వెళ్ళేవాళ్ళుంటే చెప్పండి, నేనూ వస్తాను.

#19 వంశధార ఒడ్డు

నిన్న పని మీద శ్రీకాకుళం వెళ్తూ సింగుపురంలో దిగాను, ఇన్నేళ్ళలో మొదటిసారి. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన ఉంటే, మీ ఊరి నుంచి వెళ్ళి లంకకు రాజైనవాడు ఉన్నాడట తాతా అన్నాను. కాసేపు నా మొహం చూసి, "ఎవులింటోడు బాబూ?" అని అడిగాడు. జయగోపుడి కొడుకు అన్నాను. గల్పొత ఫొటో ఫోన్‌లో చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. అక్షరాలు ఆయనకీ రావు, నాకూ రావు. గజలక్ష్మి దగ్గర వేలు పెట్టి, "ఇది ముఖలింగంలో గుమ్మం మీద ఉంటాది కదేటి" అన్నాడు.

సాగరిక గారూ, మీ దగ్గర ఆ పలక చివర భాగం ఇంకా దగ్గరగా తీసిన ఫొటో ఉంటే పెట్టండి. ఆదివారం ముఖలింగం వెళ్తున్నాను. గుమ్మాల మీది గజలక్ష్ములన్నిటినీ ఫొటోలు తీసి ఇక్కడ పెడతాను, పక్కపక్కన పెట్టి చూద్దాం.